ఇరవై మూడు తప్పుల తెర

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. నా కోపం తగ్గాలని మా పాస్టరయ్య మూడేళ్ళుగా ప్రార్థన చేస్తున్నాడు. తగ్గలేదు. నేను చూసేది యూత్ క్లాసు. అందులో తొమ్మిది మంది పిల్లలు. ఆ తొమ్మిది మందికి పాఠం చెప్పి కూడా కోపం రానివాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ప్రార్థన చేయించాలి. వాళ్ళకు ఒంట్లో ఏదో బాగాలేదని అర్థం.

మా మందిరం సూరత్‌లో, ఖటోదరాలోని ఒక మగ్గాల కార్ఖానా పై అంతస్తు. సిరిసిల్ల వైపు నుంచి నేత పనికి వచ్చిన ముప్పై కుటుంబాల వాళ్ళం అక్కడ కూడుకుంటాం. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, రెండు ఫ్యాన్లు. కింద మగ్గాలు ఆదివారం కూడా ఆగవు. నేల అదురుతూనే ఉంటుంది. అందుకే మా సంఘంలో ఎవరూ మెల్లగా ప్రార్థన చేయరు. దేవుడికి వినపడుతుందేమో గాని పక్కవాడికి వినపడదు.

ఇన్నేళ్ళూ ఆ చప్పుడు మాకు అడ్డం కాలేదు. మగ్గాల మధ్య బతికే వాళ్ళం చెవులతో వినం, పెదవులు చూసి మాట పోల్చుకుంటాం. మిగిలింది చేతి సైగలతో నడిపిస్తాం. కరోనా వచ్చింది, మూతులకు మాస్కులు వచ్చాయి, పెదవులు చదివే మా చదువు అక్కడితో ఆగిపోయింది. 2021 దీపావళి తర్వాత మందిరం మళ్ళీ తెరిచినప్పుడు నేను గొంతు చించుకుని గంటన్నర పాఠం చెప్పాను. ఆఖరున సంతోషి అనే పిల్ల చెయ్యెత్తి, "టీచర్, క్లాసు షురూ అయిందా?" అని అడిగింది.

ఆ రోజు నా కోపం సంగతి రాయను.

నాకు ఆ క్లాసు ఎందుకు అంత ముఖ్యమో మాత్రం రాస్తాను. వారంలో ఆరు రోజులు నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అతికిస్తాను. వేళ్ళకు జిగురు, బట్టలకు జిగురు, ఒక్కోసారి అన్నంలో కూడా రాయి. ఏడో రోజు పొద్దున మాత్రం ఎనిమిదిన్నర నుంచి పది దాకా నన్ను 'టీచర్' అని పిలుస్తారు. ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన మనిషికి అది చిన్న సంగతి కాదు. ఆ గంటన్నర పోతే నేను ఉత్త రాళ్ళ పద్మారాణినే.

ఆ గంటన్నర మీదే అంబదాస్ కాక కన్ను పడింది.

అంబదాస్ కాక మా సంఘ పెద్ద. ముప్పై ఏళ్ళుగా బట్ట చెకింగ్ చేస్తున్నాడు. మగ్గం నుంచి దిగిన బట్ట చుట్టను తాకా అంటారు. ఆ తాకాను గాజు బల్ల మీద పరిచి, కింద ట్యూబులైట్లు వెలిగించి, తప్పులు వెతికి, బాగుంటే ముద్ర వేయడం ఆయన పని. మనుషులను కూడా అలాగే చూస్తాడు. మే నెలలో ఆయనకు కరోనా వచ్చి, పద్దెనిమిది రోజులు దవాఖానాలో ఉండి, బతికి బయటపడ్డాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం లేచి అదే సాక్ష్యం చెబుతున్నాడు. మందిరం మూసి ఉన్నప్పుడు ఫోన్లో చెప్పేవాడు. "జరం పోయింది. దగ్గు పోయింది. వాసన వచ్చింది, రుచి వచ్చింది. దేవుడు నన్ను పూర్తిగ బాగుచేసిండు. వెంట్రుక మందం లోపం గూడ లేదు." మాకు కంఠతా వచ్చేసింది. చిన్నపిల్లలు ఆయన కంటే ముందే చెప్పేస్తున్నారు.

ఆయన నన్ను పిలిచి ఇలా అన్నాడు.

"పద్మా, నీ క్లాసుల పోరగాండ్లు మొద్దుల లెక్క కూసుంటున్నరు. ఈ నెల పాఠం వెలుగు గురించే గద? డిసెంబర్ మొదటి ఆదివారం ఆరాధనల నిలబెట్టి అడుగుత. వెలుగు గురించి ఏం నేర్చుకున్నరో ఒక్కరన్న సక్కగ చెప్పాలె. లేకపోతె క్లాసు బంద్. ఆ టైములో పెద్దోళ్ళ ప్రార్థన పెట్టుకుందాం."

"కాకా, మాస్కుల పాఠం వినబడుతలేదు వాళ్ళకు."

"వినబడకపోతె చూపెట్టు."

కోపంలో ఉన్నా ఆ మాట నాకు నచ్చింది. సరే, చూపిద్దాం అనుకున్నాను. నోటితో కాదు, చేతులతో నేర్పిద్దాం.

మొదటి ఆదివారం దీపాలు. ఒక్కొక్కరు ఒక్కో మోసంబి తెచ్చి, సగానికి కోసి, తొక్కలో నూనె పోసి, దూది వత్తి పెట్టాలి. ఒక దీపం నుంచి ఇంకొకటి వెలిగిస్తూ పోతే వెలుగు పంచితే తరగదని పిల్లలకు తెలుస్తుంది. మంచి పాఠమే. మోసంబి రసం తాగడం దాకా అందరూ చురుగ్గానే ఉన్నారు. ఈలోపు తనిఖీకి వచ్చిన అంబదాస్ కాక కరోనా జాగ్రత్త కొద్దీ పిల్లల చేతుల మీద, బల్ల మీద, దీపాలు పెట్టిన పళ్ళెం మీద, వత్తుల మీద శానిటైజర్ చల్లేశాడు. నేను చూడలేదు. చిరంజీవి అగ్గిపుల్ల గీశాడు.

భుస్సుమంది. పళ్ళెం మొత్తం నీలం మంట. పిల్లలు రెండేళ్ళలో మొదటిసారి చప్పట్లు కొట్టారు. కాక కంగారుపడి ఆర్పడానికి చేతికి అందిన సీసా ఎత్తి పోశాడు. నీళ్ళ సీసా పక్కనే ఉంది. ఆయన పోసింది శానిటైజర్. మంట రేకులదాకా లేచింది. నేను తడి గోనెపట్టా కప్పి ఆర్పేసరికి కాక ఎడమ కనుబొమ్మ లేదు. వెలుగు పంచితే తరగదన్నది మాత్రం నిజమే.

"ఇగ నిప్పు ముట్టుకోవద్దు," అన్నాడు కాక, మిగిలిన కనుబొమ్మ ముడిచి.

రెండో ఆదివారం నిప్పు లేదు, అద్దాలు. మందిరం పక్కనున్న ఖాళీ డాబా మీదికి తీసుకెళ్ళి తొమ్మిది మందిని వరసగా నిలబెట్టాను. మొదటివాడు ఎండను అద్దంలో పట్టి రెండోవాడి అద్దం మీదికి పంపాలి, వాడు మూడోవాడికి, అలా ఆఖరున ఆ వెలుగు చీకటి మెట్ల మీద పడాలి. నాలుగో అద్దం దాకా వచ్చింది. నాలుగో అద్దం చిరంజీవిది. వాడు ఫోన్ చూసుకుంటూ అద్దం పక్కకు తిప్పాడు. వెలుగు పోయి ఎదుటి డాబా మీద స్నానం చేస్తున్న ఒక గుజరాతీ పెద్దాయన కళ్ళలో పడింది. ఆయన ఒంటి నిండా సబ్బు. "అరే, సూ కరో ఛో?" అని, ఏం చేస్తున్నారంటూ అరిచి చెంబు విసిరాడు. చెంబు మా డాబా మీద పడింది. వెలుగు మెట్లదాకా చేరలేదు. చెంబు తిరిగి ఇవ్వడానికి నేనే వెళ్ళాను. గుజరాతీలో ఎన్ని తిట్లు ఉన్నాయో ఆ రోజే తెలిసింది.

మూడోది డిసెంబర్ మొదటి ఆదివారం, అదే ఆఖరి అవకాశం. ఎనిమిదిన్నరకు క్లాసు, పదిన్నరకు ఆరాధన, ఆరాధనలో పరీక్ష. శనివారం చీరకు రాళ్ళు అతికిస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఏడుపు వస్తే ఇంకా కోపం వస్తుంది, అందుకని ఆ చీర మీద నెమలికి మూడు కళ్ళు పెట్టాను.

ఈసారి తేలికైన పాఠం ఎంచుకున్నాను. గది చీకటి చేసి, తెల్లని బట్ట అడ్డంగా కట్టి, వెనక పెద్ద లైటు పెట్టాలి. మనం ఈ బట్టలాగా ఉండాలి, వెలుగు మనలోంచి అవతలికి పోవాలి అని చెప్పాలి. 'ఏం కనబడుతుంది' అని అడిగితే 'వెలుగు' అనాలి. మూడక్షరాల మాట, ఎంత మొద్దు పిల్లలైనా చెప్పగలరు. కింద కార్ఖానా నుంచి లైటు అడిగి తెచ్చాను. కిటికీలకు అట్టలు కట్టాను. అంత పెద్ద తెల్ల బట్ట నా దగ్గర లేదు. మందిరం బీరువాలో ఉంది. క్రిస్మస్‌కు వేదిక వెనక కట్టడానికి అంబదాస్ కాక కానుకగా ఇచ్చిన పన్నెండు మీటర్ల తెర. ఆయన స్వయంగా చెకింగ్ చేసి పాస్ చేసింది. అడిగితే ఇవ్వడని నాకు తెలుసు, అందుకే అడగలేదు.

పిల్లలు ఇనుప పైపుకు తెర కట్టారు. లైటు వేశాను. గది ఆ మూల నుంచి ఈ మూల దాకా తెల్లగా వెలిగింది. నాకే ఒళ్ళు పులకరించింది. బల్ల మీద గట్టిగా చరిచి, మాస్కు కిందికి లాగి అరిచాను.

"సూడుండ్రి! ఏం కనబడ్తుందో చెప్పుండ్రి!"

జవాబు కోసం నేను వేళ్ళు లెక్కపెడుతూ నిలబడ్డాను. అప్పుడు వెనక వరుసలోంచి పరుశురాం లేచాడు. వాడికి పద్దెనిమిదేళ్ళు. లాక్‌డౌన్‌లో కాలేజీ మానేసి సచిన్ అనే పారిశ్రామికవాడలో మగ్గాలు నడుపుతున్నాడు. రెండేళ్ళుగా క్లాసులో వాడి గొంతు నేను వినలేదు. తెర దగ్గరికి వచ్చి వేలు పెట్టాడు.

"టీచర్, ఈడ తార్ తెగింది."

"ఏంది?"

"తార్. దారం. సూడుండ్రి, నిలువు గీత పోయింది. మగ్గం కాడ కారీగర్ నిద్రపోయిండు."

"నేను అడిగింది అది గాదురా!"

"ఓయ్, గీడ నూనె మచ్చ!" అంది సంతోషి, తెర కింద దూరి.

"జర జరుగు," అని చిరంజీవి ఫోన్ కుర్చీ మీద పడేసి లేచాడు. వాడి చేతిలో ఫోన్ లేకుండా నేను చూడడం అదే మొదటిసారి. "ఇగో, ఈడ అడ్డం దారం లేనే లేదు. అవతల మనిషి కనబడ్తుండు!"

అంతే. తొమ్మిది మందీ తెర మీద పడ్డారు. ఒకడు స్టూలు ఎక్కాడు, ఒకతి నేల మీద పడుకుంది. బల్ల మీది నీలం చాక్‌పీసు ముక్కలు చేసుకుని పంచుకున్నారు. తప్పు దొరికిన చోటల్లా గుండ్రంగా గీస్తున్నారు. అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. మగ్గాల ఇళ్ళలో పుట్టినవాళ్ళు, వెలుగు ముందు బట్ట పెడితే ఇంకేం చేస్తారు? నేను మధ్యలో నిలబడి, "వెలుగును సూడుండ్రిరా! వెలుగును!" అని గొంతు పోయేలా అరిచాను.

"వెలుగు ఉన్నందుకే గద టీచర్ ఇవన్ని కనబడ్డయి," అన్నాడు పరుశురాం, గీయడం ఆపకుండా.

"ఇరవై మూడు!" అని సంతోషి లెక్క తేల్చింది.

"ఈ తాకాను పాస్ చేసినోడెవడో గాని, కండ్లు ఇంట్ల పెట్టి డ్యూటీకి వచ్చిండు," అన్నాడు చిరంజీవి.

అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులోనే తలుపు దగ్గర నిలబడి ఉన్న అంబదాస్ కాక నాకు కనిపించాడు.

నా ప్రాణం పోయింది. అడగకుండా తెర తీశాను. దాని మీద చాక్‌పీసు గీతలు గీయించాను. పైగా ఈ మాట. క్లాసు సంగతి పక్కన పెట్టండి, సంఘంలో ఉండనిస్తారో లేదో.

కాక నెమ్మదిగా తెర దగ్గరికి వచ్చాడు. "ఏది? నేను పాస్ చేసిన బట్టల తప్పా? ముప్పై ఏండ్ల సంది చేస్తున్న పని. చూపెట్టుండ్రి."

"ఇగో తాతా, గీడ," అన్నాడు పరుశురాం. చిల్లు పెద్దదే, వేలు దూరుతుంది.

"ఏది?"

"గిదే తాతా."

కాక ముందుకు వంగాడు. ముక్కు బట్టకు ఆనింది. చిల్లులోంచి వచ్చిన వెలుగు రూపాయి బిళ్ళంత ఆయన చెంప మీద పడి ఉంది. ఆయన మాత్రం జానెడు పక్కన వెతుకుతూ "ఏదిరా? ఏది?" అంటున్నాడు.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. చిరంజీవి తల వంచుకున్నాడు. పరుశురాం కాక వేలు పట్టుకుని తీసుకెళ్ళి ఆ చిల్లు మీద పెట్టాడు. కాక ఆ వేలితో చిల్లు అంచు చుట్టూ తడిమాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎన్ని దొరికినయి?"

"ఇరవై మూడు తాతా."

"నాకు ఒక్కటి గూడ కనబడలే." ఆయన మాస్కు తీసి ముఖం తుడుచుకున్నాడు. "జరం తగ్గినంక కండ్లకు పొర లెక్క వచ్చింది. ఆర్నెల్లాయె. చేత్తోని తడిమి, పక్కోన్ని అడిగి పాస్ చేస్తున్న."

"ఎవ్వలకన్న చెప్పొద్దా కాకా?" అన్నాను. నా గొంతులో కోపం లేదు, అది ఎటు పోయిందో తెలియదు.

"ఎట్ల చెప్తనే పద్మా? దేవుడు పూర్తిగ బాగుచేసిండని ప్రతి ఆదివారం చెప్తి. వెంట్రుక మందం లోపం లేదంటి. ఇప్పుడు కండ్లు కనబడుతలెవ్వంటె ఆ సాక్ష్యమంత అబద్ధమైపోదా? దేవునికి చెడ్డపేరు రాదా?"

ఇలాంటి ప్రశ్నకు టీచర్ అనే మనిషి జవాబు చెప్పాలి. ఏడో తరగతి దాకా చదివిన చదువంతా వెతికాను, అందులో లేదు.

పరుశురాం చెప్పాడు. "తాతా, తప్పు దొరికిన తాకాను సేఠ్ పారెయ్యడు గద. మార్క్ పెట్టి రఫూకు పంపుతడు, దారం ఎక్కించి సక్కగ చేపిస్తడు. మార్క్ పెట్టకుండ దాస్తెనే బట్ట కొనే పార్టీ కాడ ఇజ్జత్ పోతది. అది గూడ బట్టది గాదు, పాస్ చేసినోనిది."

వాడు నోరు విప్పాలని నేను రెండేళ్ళు ప్రార్థన చేశాను. తీరా విప్పాక, ఆ మాట నాకు తట్టలేదే అని కుళ్ళుకున్నాను. ఇది కూడా ఒప్పుకుంటున్నాను.

కాక లేచి, గోడ పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఇక నా పని అయిపోయిందని నాకు అర్థమైంది. తొమ్మిది మంది ముందు ఆయన గుట్టు బయటపెట్టిన ఆడమనిషికి ఎవరైనా క్లాసు ఇస్తారా? నేను తెర మడతపెట్టి బీరువాలో పెట్టాను. చాక్‌పీసు ముక్కలు ఏరాను. రేపటి నుంచి ఏడు రోజులూ రాళ్ళే.

పదిన్నరకు ఆరాధన మొదలైంది. కుర్చీలు దూరం దూరంగా వేశారు, అందరి మూతులకూ మాస్కులే. పాటలు అయ్యాక పాస్టరయ్య తొమ్మిది మందిని ముందుకు పిలిచాడు. అడగాల్సింది అంబదాస్ కాక. ఆయన వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు, లేవలేదు. అందుకని పాస్టరయ్యే అడిగాడు.

"పిల్లలూ, ఈ మూడు వారాల్లో వెలుగు గురించి ఏం నేర్చుకున్నారు?"

తొమ్మిది మాస్కులు. పద్దెనిమిది కళ్ళు. ఒక్క మాట లేదు. గంట కింద రేకులు ఎగిరేలా అరిచిన పిల్లలు వీళ్ళేనా అనిపించింది. పరుశురాం తన చెప్పులు చూసుకుంటున్నాడు. వాడు చెప్పగలడు, కాని చెబితే కాక గుట్టు చెప్పాలి, అందుకే చెప్పడం లేదని నాకు తెలుసు. మిగతా వాళ్ళు మాత్రం ఉత్త భయంతో బిగుసుకుపోయారు.

నేను పక్కన నిలబడి, "మాట్లాడుండ్రి, ఏదన్న ఒకటి చెప్పుండ్రి" అని చిరంజీవికి చేత్తో సైగ చేశాను. అరచెయ్యి పైకెత్తి గబగబా కిందికి దించాను. కంగారులో నాకు గుర్తు రాలేదు. మగ్గాల దగ్గర ఆ సైగకు మెయిన్ స్విచ్ ఆపేయమని అర్థం. ఎవరి చెయ్యో మగ్గంలో పడితే తప్ప ఆ సైగ ఎవరూ చేయరు. చిరంజీవి రాత్రి డ్యూటీ చేసేది కింది కార్ఖానాలోనే. వాడు కళ్ళు పెద్దవి చేసి, కుర్చీలు తోసుకుంటూ, మెట్ల మీద దడదడా దిగి పరుగెత్తాడు.

ఒక్క నిమిషం. మగ్గాలు ఆగిపోయాయి.

ఆ మందిరంలో నేను ఎనిమిదేళ్ళుగా ఉన్నాను. అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. నేల అదరడం ఆగింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా వెనక ఎవరో ఇంకా మగ్గాల చప్పుడును దాటే గొంతుతోనే "ఇడ్లీలు ఎన్ని తెచ్చినవ్?" అని అరిచి నాలుక కరుచుకున్నారు.

వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. బడిపిల్లాడు ఎత్తినట్టు, వేలు పైకి పెట్టి. అంబదాస్ కాకది.

"నేను చెప్త అయ్యా," అన్నాడు. అరవాల్సిన పని లేదు, అందరికీ వినపడింది. "నేను గూడ క్లాసులున్న ఇయ్యాల."

ఆయన లేచి, ఒక్కో కుర్చీ వీపు తడుముకుంటూ ముందుకు నడిచాడు. అడ్డం తీయడానికి నలుగురు లేచారు, ఎందుకు అలా నడుస్తున్నాడో తెలియకపోయినా.

"దేవుడు నా జరం తీసేసిండు. దగ్గు తీసేసిండు. గది నిజమే. కండ్లు మాత్రం కనబడ్తలెవ్వు. ఆర్నెల్ల సంది దాచిన. మీకిచ్చిన తెరల ఇరవై మూడు తప్పులున్నయి, గవ్వి గూడ నావే. వెలుగంటె అందంగ కనబడేటందుకే అనుకున్న ఇన్నేండ్లు. కాదట. రఫూ ఏడ పడాల్నో చూపెట్టేటందుకట. రేపు ఈ పోరగాండ్లు నన్ను కండ్ల దవాఖానకు తీస్కపోతరు. నేనింకా అడగలే, గని తీస్కపోతరు."

"తీస్కపోతం తాతా," అన్నాడు పరుశురాం. సంతోషి మాస్కులోనే ఏడ్చేసింది. నేను కూడా. కోపం రాకుండా ఏడవడం నాకు కొత్త.

కింది నుంచి మేనేజరు కేకలు మొదలయ్యాయి. "కిస్నే బంద్ కియా? కౌన్ మరా?" ఎవరూ చావలేదని చిరంజీవి హిందీలో ప్రమాణాలు చేస్తున్నాడు. మాకు అన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి.

పాస్టరయ్య గొంతు సవరించుకున్నాడు. "సరే కాకా. మరి క్లాసు సంగతి? మీరే చెప్పాలి. ఉంచుదామా, ఆపుదామా?"

కాక మాట వచ్చిన వైపు ముఖం తిప్పాడు.

"నడువని అయ్యా. కాకపోతె ముందల వరుసల నాకొక కుర్చీ వెయ్యుండ్రి. ఎన్క కూసుంటె టీచర్ కనబడుతలేదు."